గట్టు మీద కబుర్లు: ఎర్రనీరు రాని పులస

రెండేళ్ళ కిందట జూన్ నెలాఖర్లో అల్లుడొచ్చాడని పింఛను డబ్బులు పట్టుకుని పులస కోసం వెళ్ళాను. ఎంతకి కొన్నానో ఇంట్లో సగమే చెప్పాను, ఇక్కడా చెప్పను. వస్తుంటే మా కనకాలపేటలో గట్టు మీద వల బాగుచేసుకుంటున్న కుర్రాడు సంచిలోకి తొంగిచూసి నవ్వాడు.

"ఏటి రంగు చూశావా బాబాయ్? ఎర్రనీరు దిగకుండా పులస ఎలాగొస్తాది? ఇది ఐసులో వచ్చిన సముద్రం చేప."

కోపం వచ్చింది గానీ, వాడు చెప్పింది నిజమే.

సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. ఎగువన వానలు పడి, ధవళేశ్వరం గేట్లెత్తితే, మన్ను కలిసిన తియ్యనీళ్ళు గౌతమి పాయలో యానాం దాటి సముద్రంలో పడతాయి. ఆ నీటిని పట్టుకుని గుడ్లు పెట్టడానికి అది ఏటికి ఎదురీదుతుంది. ఈదేకొద్దీ ఒంట్లో ఉప్పు పోయి రుచి మారుతుందంటారు. అప్పుడది పులస. దాని పిల్లలు ఏట్లో కొంత ఎదిగి మళ్ళీ సముద్రానికి పోతాయి.

పండుగప్పది దీనికి తిరకాసు. మంచినీళ్ళలో పెరుగుతుంది, గుడ్లకి ఉప్పునీటి వైపు దిగుతుంది. కొరమీనుకి ఈ పరుగులేవీ పట్టవు. కదలని నీళ్ళు, నాచు, బురద ఉంటే చాలు, పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. ఇక వేసవిలో గేట్లు మూస్తే సముద్రపు పోటు మన రేవుల్లోకి ఎక్కుతుంది, నీళ్ళు నోట్లో పెట్టలేం. ఉప్పు ఓర్చుకునే చేపలే అప్పుడిక్కడ నిలుస్తాయి. శీలావతి, బొచ్చె లాంటివి ఎగువనే ఉండిపోతాయి.

కాటన్ దొర 1852లో ఆనకట్ట కట్టించి మన గోదారోళ్ళకి అన్నం పెట్టాడు, కాదనను. 1982 నాటికి అక్కడే 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. చేపకి మాత్రం రెండూ అడ్డుగోడలే. పైగా వానలు ఆలస్యమైతే ఎర్రనీరూ ఆలస్యమే, ఆ కుర్రాడి వల ఖాళీ. పడవ మీద తెచ్చిన అప్పుకి వడ్డీ మాత్రం ఆలస్యం కాదు.

ఆ చేపని ఏం చేశామంటారా? మీ వదిన బెండకాయలేసి, చివర్లో వెన్నపూస వేసి పులుసు పెట్టింది. అల్లుడు వేళ్ళు నాక్కుంటూ "గోదారి పులసంటే ఇదండీ మావయ్యగారూ" అన్నాడు. నేను కిక్కురుమనలేదు.