ఓడ పుస్తకంలో ఉన్నాడు, ఊరి లెక్కల్లో లేడు

మారిషస్ నుంచో దక్షిణాఫ్రికా నుంచో ఒక కుటుంబం శ్రీకాకుళం జిల్లాలోని పల్లెకు వచ్చి, తమ ముత్తాత తండ్రి ఈ ఊరివాడేనని చెబితే రచ్చబండ దగ్గర ముందు అడిగే మాట "ఇంటిపేరేమిటి?" అని. వచ్చినవారి దగ్గర లేనిది సరిగ్గా అదే. వారి దగ్గర ఉండేది ఓడ జాబితా నకలు ఒక్కటే.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మంది ఒప్పందపు కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. అది మొదలు 1911లో ఈ రవాణా ఆగిపోయే వరకు అక్కడి నేటాల్ ప్రాంతానికి, ఎక్కువగా చెరకు తోటలకు, వెళ్ళినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక నంబరు వేశారు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం రాశారు. చివరికి ఒంటిమీది మచ్చ కూడా వదల్లేదు. మీద ప్రేమ పొంగి రాసుకున్నది కాదు, తోటలోంచి పారిపోతే పట్టుకోవడానికి పనికొస్తుందని రాసుకున్నది. అయినా ఆ పుస్తకాలు నిలిచాయి. ఇప్పుడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించారు కూడా.

మారిషస్‌లోనూ అంతే. 1834 నుంచి అక్కడికి చేరిన కూలీలు నాలుగున్నర లక్షల మంది. వారి రిజిస్టర్లు మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. 1860ల తర్వాతి వారిలో కొందరి ఫొటోలు సైతం ఉన్నాయి. 1872లో ఆ దీవికి చేరిన తన పూర్వీకుల గురించి నతాషా అప్పన్న అనే రచయిత్రి 2023లో ఫ్రెంచిలో ఒక పుస్తకమే రాశారు. తండ్రి పేరో తాత పేరో అక్కడి కాగితాల్లో ఇంటిపేరుగా స్థిరపడిపోవడం ఆ కుటుంబాలలో మామూలు. అసలు ఇంటిపేరు అడిగిన గుమాస్తా లేడు, చెప్పుకునే అవకాశం కూలీకి లేదు.

ఇక ఇటు చూస్తే ఏముంది? భూమి ఉన్నవాడికి కాగితం ఉంది. మాన్యాలున్న కుటుంబాల పేర్లు ఇనాం కమిషన్ వారి రిజిస్టర్లలో 1860ల నుంచి దొరుకుతాయి. అమ్మకాలు, తనఖాలు చేసినవారు ఫలానావారి కుమారుడు ఫలానా అని దస్తావేజుల్లో కనిపిస్తారు. పూరీకో గయకో వెళ్ళి పిండం పెట్టగలిగినవారి పేర్లు పండాల పుస్తకాల్లో ఉంటాయి. కానీ ఓడ ఎక్కినవాడు సాధారణంగా ఇందులో ఏ కోవకూ చెందడు. పైగా ఈ ప్రాంతంలో చాలా భాగం జమీందారీ. 1948 చట్టంతో జమీందారీలు పోయాకే అక్కడ సర్కారు వారు రైతు పేరు మీద సర్వే సెటిల్మెంటు జరిపించారు. పరాయి చేలో కూలికి వెళ్ళినవాడి పేరు అంతకు ముందు ఎవరు రాశారు? ఊరు విడిచి, దేశం విడిచి వెళ్ళిన రోజునే అతని పేరు మొదటిసారి కాగితం మీదకు ఎక్కింది. ఆడవారి సంగతి ఇంకా విచిత్రం. ఇక్కడి వంశవృక్షాల్లో కూతుళ్ళు, కోడళ్ళు మచ్చుకైనా కనిపించరు. ఆ పరాయి పుస్తకంలో మాత్రం ప్రతి స్త్రీకీ సొంత నంబరు, సొంత పేరు ఉన్నాయి.

ఊరిపేరు ఉంది కదా, వెతుక్కోవచ్చు కదా అంటే అదీ అంత తేలిక కాదు. గుమాస్తాలు చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాశారు. శ్రీకాకుళాన్ని 'చికాకోల్' అన్నారు. ఆ చికాకోల్ 1936 దాకా గంజాం జిల్లాలోది. 'గంజాం' అని చూసి వచ్చినవారు నేరుగా ఒడిశా వెళ్ళి బరంపురంలో వాకబు చేస్తే ఏం ప్రయోజనం? శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. పాలకొండ అంతకు ముందు విశాఖ జిల్లాలో ఉండేది, తర్వాత శ్రీకాకుళంలో ఉంది, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళింది. ఊరు కదలలేదు, జిల్లాలే కదిలాయి. ఈ సంగతి చెప్పగలిగినవాడు పక్కన ఒకడుంటే చాలు, వచ్చినవారికి పది రోజుల తిరుగుడు తప్పుతుంది.

పల్లెల్లో ఇంకొక అనుమానం కూడా ఉంది. ఎవరో వచ్చి ముత్తాత పేరు అడిగితే, ఆస్తిలో వాటా కోసమేమోనని నోరు మెదపరు. భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ అర్థం లేనిది. సెంటు భూమి కూడా లేక ఓడ ఎక్కినవాడి మునిమనవడు ఏ భూమిలో వాటా అడుగుతాడు? నిజానికి అతని దగ్గరున్న కాగితం ఈ ఊరికే ఎక్కువ అవసరం. "మా తాత తమ్ముడు రంగం పోయాడు, మళ్ళీ రాలేదు" అని చెప్పుకునే ఇళ్ళు ఈ జిల్లాలో ఎన్ని లేవు! 1937 దాకా బర్మా కూడా ఇండియాలో భాగమే కనుక రంగం వెళ్ళినవారికి ఇలాంటి ఒప్పందపు జాబితాలు లేవు. కానీ రంగం అనుకున్నవాడు డర్బన్‌లో దిగి ఉండవచ్చు కదా. ఓడ జాబితాలో తమ ఊరిపేరు ఉందేమో చదువుకున్న పిల్లలు చూడవచ్చు. పేరు, తండ్రి పేరు కలిసినంత మాత్రాన అతడే అనుకోకూడదు. అప్పన్నలు, రాములు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వయసులు ఉజ్జాయింపుగా వేసినవి. ఊరు, కులం, తండ్రి పేరు, వెళ్ళిన కాలం అన్నీ కుదిరితేనే నమ్మాలి. పెద్దలు చెప్పే 'ధాత కరువు' వంటి మాట ఇక్కడ అక్కరకొస్తుంది. ధాత అంటే 1876-77.

1984లో కరణాల పదవులు రద్దయ్యాయి, మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. లెక్కల కట్టలు అలా చేతులు మారాయి. ఇంకా ఏ అటక మీదైనా పాత కట్ట ఉంటే చెదలకు వదలకుండా తహశీల్దారు కార్యాలయానికి అప్పగించడం మంచిది. కార్యాలయం వారు కూడా తీసుకుని మూల పడేయకుండా, ఏ ఊరివి ఏ ఏళ్ళవి ఉన్నాయో ఒక జాబితా గోడకు అంటించాలి. ఇందుకు జీవో అక్కరలేదు, ఖర్చూ లేదు. పంచాయతీలో ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ వీధిలో ఏ ఇంటిపేర్లు ఉండేవో, ఊరికి పాత పేరేమిటో, వెళ్ళి తిరిగి రానివారెవరో ఆడవారి పేర్లతో సహా రాయించవచ్చు.

హిరమండలం జలాశయం కింద ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊరిపేరు రేపు ఏ ఓడ జాబితాలోనో కనిపించినా చూపడానికి ఊరు లేదు. ఏ ఇల్లు ఎక్కడుండేదో చెప్పగల పెద్దలు పునరావాస కాలనీల్లో ఉన్నారు. ఆ నోటుపుస్తకం ముందుగా వారి దగ్గరకు వెళ్ళాలి.