ఆట ఇద్దరిదీ

ఏడాది దాటేసరికి చాలామంది పిల్లలు గోడ మీద కాకినో, వీధిలో పోయే బండినో వేలితో చూపిస్తారు. చూపించి అమ్మ ముఖంలోకి చూస్తారు. కాకి కావాలని కాదు, తాము చూసింది అమ్మా చూడాలని. ఇద్దరి మనసూ ఒకేదాని మీద నిలిచే ఈ క్షణాన్ని శాస్త్రం ఉమ్మడి శ్రద్ధ అంటుంది. మాట, ఆట, స్నేహం దీని మీదే పెరుగుతాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ చూపించడం ఆలస్యమవుతుంది, కొందరిలో చాలా తక్కువగా ఉంటుంది. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలపలేకపోవడం, అతి చురుకుదనం) ఉన్న పిల్లల చిక్కు వేరు. ఆట నియమం వాళ్లకు తెలుసు, అడిగితే చెబుతారు కూడా. తమ వంతు వచ్చేదాకా ఆగడమే ఆ క్షణంలో వాళ్ల చేతుల్లో ఉండదు. ఇద్దరినీ ఒకే గాటన కట్టి ‘మొండి’, ‘ఎవరితోనూ కలవడు’ అనేస్తే నేర్పడం మొదటి మెట్టులోనే దారి తప్పుతుంది.

ఈ పిల్లలు ఎక్కడో ఒకరిద్దరు కాదు. దేశంలో అయిదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించి 2018లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. ఆ అయిదింటిలో హైదరాబాద్ ఒకటి. మూర్ఛ, వినికిడి, చూపు లోపాల వంటివన్నీ కలిపి చూస్తే దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి నాడీ వికాసానికి సంబంధించిన సమస్య ఏదో ఒకటి కనిపించింది. అయినా ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ అంతే’ అన్న ఓదార్పుతో రెండేళ్లు, మూడేళ్లు గడిచిపోతున్న ఇళ్లు ఎన్నో. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు, సికింద్రాబాద్ బోయినపల్లిలోని జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థ ఉన్నది ఇలాంటి సందేహం తీర్చడానికే. మాట కోసం ఎదురుచూస్తూ పరీక్షను వాయిదా వేయకూడదు.

పరీక్ష అయ్యాక కుటుంబాలు సాధారణంగా పట్టే దారి ఒకటే. బిడ్డను వారానికి మూడు రోజులు థెరపీ గదికి తీసుకెళ్లడం, ‘హలో చెప్పు’, ‘కళ్లలోకి చూడు’ అని నేర్పించడం. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఎందరికో మేలు చేస్తున్నాయి, అందులో సందేహం లేదు. కానీ కలుపుగోలుతనాన్ని గదిలో నేర్పి మైదానంలోకి వదలడం అన్న పద్ధతికి ఆధారం బలహీనం. ఏడీహెచ్‌డీ పిల్లలకు ఇచ్చే సామాజిక నైపుణ్యాల శిక్షణపై పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, 2019లో నవీకరించినప్పుడు కూడా, చెప్పుకోదగ్గ ప్రయోజనం తేల్చలేకపోయింది. గదిలో ఆగడం తెలిసిన పిల్లవాడు జారుడుబల్ల దగ్గర ఆగలేకపోతాడు. అక్కడ, ఆ మెట్టు మీద, అతని భుజం పక్కన నిలబడి ‘ఇప్పుడు చెల్లి, తర్వాత నువ్వు’ అని చెప్పే మనిషి కావాలి.

ఇంకో పరిశోధన మరింత సూటిగా మాట్లాడుతుంది. అమెరికాలో పరిశోధకురాలు కసారి బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో మామూలు తరగతుల్లో చదివే 60 మంది ఆటిజం పిల్లలున్నారు. కొందరికి పెద్దలు నేరుగా నేర్పారు. మరికొందరి విషయంలో ఆ బిడ్డను వదిలి తోటి పిల్లలకు నేర్పారు: ఒంటరిగా ఉన్నవాళ్లను ఆటలోకి ఎలా పిలవాలి, మాట రాకపోతే ఎలా అర్థం చేసుకోవాలి అని. తోటివాళ్లకు నేర్పిన చోట ఆటస్థలంలో ఒంటరితనం తగ్గింది. ఆ పిల్లలను తమ స్నేహితులుగా చెప్పిన సహాధ్యాయులు పెరిగారు.

దీనికి కారణం ఉంది. బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్, తానూ ఆటిజం ఉన్న మనిషే, 2012లో ఒక మాట ముందుకు తెచ్చారు. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉందని. 2020లో ఎడిన్‌బరోలో పెద్దలతో చేసిన ఒక ప్రయోగం దాన్ని బలపరిచింది. ఎనిమిదేసి మంది వరసలో ఒకరు విన్న కథను పక్కవారికి చెప్పాలి. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసల్లో కథ ఎంత నిలిచిందో, అసలు ఆటిజం లేనివాళ్ల వరసల్లోనూ అంతే నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరసల్లోనే వివరాలు త్వరగా రాలిపోయాయి. లోపం ఒక మనిషిలో కాదు, ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో ఉంది. అందుకే కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పడం తప్పు. ఆ చూపు తమకు భరించలేనిదని, కళ్లలోకి చూస్తే మాట వినలేమని ఆటిజం ఉన్న పెద్దలు ఎందరో చెప్పారు. పక్కకు చూస్తూ వినే బిడ్డ వింటూనే ఉంది.

ఇంట్లో పని బిడ్డ ఆటతో మొదలవుతుంది. ఒకడు కారు చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. దాన్ని లాక్కుని బొమ్మల పుస్తకం పెట్టడం కాక, పక్కన కూర్చుని ఇంకో చక్రం తిప్పాలి. అతను ఆగి చూసినప్పుడు ఒక్క మాట: ‘తిరిగింది’. తర్వాత మౌనం. ప్రశ్న మీద ప్రశ్న అడిగే పెద్దల దగ్గర ఈ పిల్లలు మూసుకుపోతారు. గోవాలోను, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో జరిగి 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ పద్ధతినే పరీక్షించింది. తల్లి, బిడ్డ ఆడుకుంటుంటే వీడియో తీసి, తర్వాత తల్లితో కలిసి చూస్తూ, బిడ్డ ఇచ్చిన చిన్న సంకేతాలను గుర్తించడం నేర్పారు. నేర్పింది నిపుణులు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. తల్లిదండ్రుల స్పందన బిడ్డకు అనుగుణంగా మారింది, బిడ్డ తనంతట తాను పలకరించడం పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకేదాని మీద శ్రద్ధ పెట్టిన సమయం మాత్రం పెరగలేదు, తగ్గింది. ఏ పద్ధతీ అన్నీ ఇవ్వదని దీన్ని బట్టి తెలుస్తుంది.

తోటి పిల్లలతో కలిపేటప్పుడు ఏ ఆట ఎంచుకున్నారన్నది చాలా ముఖ్యం. దాగుడుమూతల్లో కేకలు, హఠాత్తుగా మీద పడే చేతులు. కొందరు పిల్లలకు అది ఆట కాదు, దాడి. వామనగుంటలు దీనికి పూర్తిగా వేరు. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, చింతగింజలు, ఎదురుగా ఒక్కరే మనిషి. వంతు ఎవరిదో గింజలున్న చెయ్యే చెబుతుంది. ముఖం చూడక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, అయినా ఇద్దరూ కలిసే ఉంటారు. గింజలను నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసు దాటాకే ఆడించాలి. అష్టాచమ్మాలోనూ ఇదే సుగుణం ఉంది. అమ్మమ్మల అరుగుల మీద ఆటలు ఈ పిల్లలకు ఇంత సరిపోతాయని గుర్తించే బడులు ఇంకా రావాలి.

అమ్మమ్మ ప్రస్తావన వచ్చింది కనుక భాష సంగతి. అమెరికాలోని తెలుగు కుటుంబాలకూ, మన నగరాల్లోని కుటుంబాలకూ ‘ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే బిడ్డ తికమకపడతాడు’ అన్న సలహా తరచూ ఎదురవుతుంది. రెండు భాషల మధ్య పెరగడం ఆటిజం పిల్లల మాటకు హాని చేస్తుందని పరిశోధనల్లో తేలలేదు. తెలుగు తీసేస్తే మాత్రం పిల్లవాడి నుంచి తాతయ్య, అమ్మమ్మ, మేనత్త దూరమవుతారు. పలకరించడం నేర్చుకోవాల్సిన బిడ్డకు పలకరించే మనుషులే తగ్గిపోతారు.

పెళ్లిళ్లు, పండుగలు ఈ కుటుంబాలకు కష్టమైన రోజులు. బాజాలు, గుంపు, బుగ్గ గిల్లే చేతులు, ‘మామయ్యకు దండం పెట్టు’ అన్న ఒత్తిడి. మిషిగన్‌లో ఉపాధ్యాయురాలైన కెరోల్ గ్రే 1990ల తొలినాళ్లలో రూపొందించిన సామాజిక కథల పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ముందు రోజే నాలుగు బొమ్మలు గీసి చెప్పాలి: రేపు పెళ్లికి వెళ్తున్నాం, బాజాలు గట్టిగా మోగుతాయి, చెవులు మూసుకోవచ్చు, చాలనిపిస్తే నాన్న బయటికి తీసుకెళ్తాడు. కథలో ఆజ్ఞల కన్నా వివరణ ఎక్కువ ఉండాలన్నది గ్రే పెట్టిన నియమం. బంధువులు చేయాల్సింది కూడా ఒకటుంది. బిడ్డ దగ్గరికి వచ్చేదాకా ఆగడం. చెయ్యి ఊపితే అదే దండం అనుకోవడం.

ఇక బడి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న ప్రతి విద్యాసంస్థ ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని 16వ సెక్షన్ చెబుతుంది. చదువుతో ఆగలేదు ఆ సెక్షన్. ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో కూడా ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలని అందులోనే రాసి ఉంది. పీటీ పీరియడ్‌లో ఆ బిడ్డను తరగతి గదిలో కూర్చోబెట్టడం, వార్షికోత్సవం రోజున ‘ఇంట్లోనే ఉంచండి’ అని కబురు పెట్టడం ఆ చట్టాన్ని అతిక్రమించడమే. అలాంటి కబురు అందుకున్న తల్లిదండ్రులు దాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. అదే తరగతిలో చదువుతున్న మిగతా పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ రోజు వాళ్ల పక్కన నిలబడాలి.