సంతకం ఒకరిది, పెత్తనం మరొకరిది

మన కథల్లో సర్కారు డాక్టరుకు రెండే వేషాలు: ఒకటి దేవుడు, రెండోది కసాయి. పేదవాణ్ణి ఆసుపత్రి మెట్లమీద చావనిచ్చిన కసాయిని చూపించి కన్నీళ్లు పెట్టించడం మన అభ్యుదయ కథకులకు సైతం అలవాటయింది. అటువంటి కథలు తరగతిలో పాఠం చెప్పి, విద్యార్థులచేత ఆ డాక్టరును తిట్టించిన వాళ్లలో నేనూ వున్నాను. ఇప్పుడా పాఠం వెనక్కు తీసుకోక తప్పడం లేదు.

ఒక రాత్రి, లారీ గుద్దిన మా విద్యార్థిని జిల్లా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకుపోయాం. తలకు దెబ్బ. హాలునిండా రోగులు, డాక్టరు ఒక్కడే. మా కుర్రవాడికంటే ఏ ఆరేళ్లో పెద్ద. గాయం కడుగుతూనే పోలీసులకు కబురు పంపాలి, రిజిస్టరు నింపాలి. ఈలోగా ఎవరో నాయకుడి ఫోను: తన మనిషికి కడుపునొప్పి, ముందు అతణ్ణి చూడాలట. తలకు స్కానింగు తీసే ఉద్యోగి రాత్రిపూట లేడు. పట్నం తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. నేను నోటికి వచ్చినట్టల్లా తిట్టాను. అతను తలెత్తకుండానే, "సంతకం నాది మాస్టారూ, సామాను నాది కాదు" అన్నాడు. కుర్రవాడు బతికాడు. ఆ మాట మాత్రం నన్ను వదిలిపెట్టలేదు.

నిజమే కదా! డాక్టరు పోస్టు మంజూరు చేసేది సచివాలయం. మందులు కొనేది రాజధానిలోని కార్పొరేషను. రోగిని మోసే మనిషిని కుదిర్చేది కాంట్రాక్టరు. బదిలీలలో చెల్లేది సిఫార్సు. ఇన్ని చోట్ల జరిగిన ఆలస్యమంతా కలిసి ఒక రాత్రి ఒక మంచం మీద శవమైతే, జవాబు చెప్పవలసినవాడు డ్యూటీ డాక్టరు. అధికారమంతా పైన, బాధ్యతంతా కింద. ఇది పొరపాటు కాదు, పరిపాలనా పద్ధతి.

2017 ఆగస్టులో గోరఖ్‌పూర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆక్సిజను సరఫరా ఆగి, పసిపిల్లలు పదులకొద్దీ చనిపోయారు. ఆక్సిజను లేక చావలేదని ప్రభుత్వం వాదించింది. సరఫరాదారుకు బిల్లులు బకాయి పడిన మాటను మాత్రం కాదనలేకపోయింది. జైలుకు పోయినవాళ్లలో ఒక పిల్లల డాక్టరు వున్నాడు. అతను వ్యక్తిగతంగా వైద్యంలో నిర్లక్ష్యం చేసినట్టు ఆధారం లేదని హైకోర్టు బెయిలు ఇచ్చేసరికి 2018 ఏప్రిల్ వచ్చింది.

అది ఎక్కడో ఉత్తరాది సంగతి అనుకోనక్కరలేదు. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, మన నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఒకాయన మాస్కులు చాలడం లేదని బయటికి చెప్పాడు. వచ్చినది సస్పెన్షను. మే నెలలో విశాఖపట్నం నడిరోడ్డుమీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టడం దేశమంతా చూసింది. అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు కాదిది. దుత్త నోరు విప్పినందుకు వేసిన శిక్ష.

సస్పెన్షనంత చవకైన మందు మన ప్రభుత్వాలకు మరొకటి దొరకలేదు. దానికి ఖజానానుంచి పైసా తియ్యనక్కరలేదు. మంత్రిగారు తనిఖీకి వస్తారు, కెమెరాలు వస్తాయి, ఒక డాక్టరు పోతాడు. మర్నాడు స్కానింగు గదికి అదే తాళం!

మరి నిర్లక్ష్యం చేసే డాక్టర్లు లేరా? వున్నారు. డ్యూటీ వేళ సొంత క్లినిక్కులో కూర్చునేవాళ్లను నేను వెనకేసుకురావడం లేదు. విచారించండి, శిక్షించండి. కాని ఆ విచారణ కొనుగోళ్ల ఫైలుదాకా పోవాలి. డబ్బు లేదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. రైలులోంచి పడిన బెంగాలు కూలీని సర్కారు ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి మంచం లేదని తిప్పిపంపగా, వ్యవసాయ కూలీల సంఘం వేసిన కేసు అది. ప్రాణం నిలిపే అత్యవసర వైద్యం రాజ్యం విధి అని అందులో తేల్చారు. అలాగే రెసిడెంటు డాక్టర్లకు సాధారణంగా వారానికి 48 గంటలు మించి డ్యూటీ వేయరాదని కేంద్రం 1992లోనే నియమం పెట్టింది. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో హత్యకు గురైన యువ వైద్యురాలు 36 గంటల డ్యూటీలో వుండి, విశ్రాంతికి గది లేక సెమినారు హాలులో పడుకున్నది. నియమం కాగితం మీదనే వున్నది!

డాక్టరు చొక్కా పట్టుకున్న బంధువూ, ఆ డాక్టరూ ఒకే అన్యాయానికి రెండు చివరలు. వాళ్లిద్దరూ కలబడినంతకాలం మూడోవాడికి నిద్ర చెడదు. కథకులారా, ఆ మూడోవాణ్ణి కథలోకి ఈడ్చుకురండి. విద్యార్థులారా, మీ ఊరి ఆసుపత్రిలో ఖాళీ పోస్టులెన్నో, రాత్రి పనిచేయని యంత్రాలెన్నో సమాచార హక్కు కింద అడగండి. ఆ జాబితా పట్టుకొని కలెక్టరాఫీసుకు నడవండి. డాక్టర్లనూ నర్సులనూ వెంట రమ్మనండి.

ఆ రాత్రి నేను అరవవలసిన మనిషి ఆ గదిలో లేడు. అది తెలియక, వున్న ఒక్కడిమీదా అరిచాను.