ఆసా పాదాలు, మన పెద్దల పాదాలు

యూదా రాజైన ఆసాకు ముసలితనంలో పాదాల జబ్బు చేసింది. దినవృత్తాంతముల రెండవ గ్రంథం 16వ అధ్యాయంలో ఈ సంగతి ఉంది. జబ్బు ముదిరినా ఆయన దేవుణ్ణి వెదకక వైద్యుల మీదే ఆధారపడ్డాడని అక్కడ చదువుతాం. ఈ ఒక్క మాట పట్టుకుని, విశ్వాసికి ఆసుపత్రి ఎందుకని అడిగే ప్రసంగాలు మన సంఘాల్లో ఇంకా వినబడుతున్నాయి. లేఖనం తప్పుపట్టింది దేవుణ్ణి మరిచిపోవడాన్ని, వైద్యాన్ని కాదు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే కదా!

కొంతదూరం నడవగానే పిక్కలు పట్టేస్తాయి. నిలబడితే తగ్గుతుంది. మళ్లీ నడిస్తే మళ్లీ మొదలు. ఇలాంటి నొప్పిని మనం వయసు మీదికి నెట్టేస్తాం. కానీ కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైందనడానికి అది గుర్తు కావచ్చు. బీడీ, సిగరెట్, షుగర్, బీపీ ఈ ముప్పును పెంచుతాయి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నొప్పి కూడా తెలియదు. చిన్న పుండు మానదు, నల్లబడుతుంది. చివరికి వేలో, పాదమో, కొన్నిసార్లు కాలో తీసేయాల్సి వస్తుంది. రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో కాలు పోవడమంటే కూడు పోవడమే.

ఈ ఇరుకును ముందే చూపించగల పరీక్ష డాప్లర్ స్కాన్. ఎదురొచ్చే రైలు కూత ఒకలా, దాటిపోయాక ఇంకోలా వినబడటం మనకు తెలుసు. దీని వెనకున్న సూత్రాన్ని 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ వివరించాడు. స్కాన్‌లో మన చెవికి అందని ధ్వని తరంగాలు కదిలే రక్తకణాలను తాకి తిరిగొస్తాయి. ఆ తేడాను బట్టి రక్తం ఎంత వేగంగా, ఎటు పారుతోందో తెలుస్తుంది. పైపు నోరు నొక్కితే నీళ్లు వేగంగా చిమ్మినట్టు, ఇరుకైన చోట రక్తం వేగం పెరుగుతుంది. సూది లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు, నొప్పి లేదు.

అంతకంటే ముందు చేయగల తేలిక పరీక్ష ఒకటుంది. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తారు. పై అంకెల నిష్పత్తి 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే కాలికి రక్తం సరిగా అందడం లేదని అనుమానించాలి. షుగర్ పాతదైతే ధమనులు గట్టిపడి ఈ లెక్క తప్పుదారి పట్టించవచ్చు. అప్పుడు స్కాన్ మరింత అవసరం.

అలాగని స్కాన్ అందరికీ అక్కర్లేదు. ఏ లక్షణమూ లేనివారికి ప్యాకేజీల పేరుతో మెడ ధమనుల స్కాన్ అమ్మడం ఒక వ్యాపారం. లక్షణాలు లేని సాధారణ ప్రజలకు ఆ పరీక్ష వద్దని అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం 2021లోనూ సిఫారసు చేసింది. డబ్బున్నవారికి అక్కర్లేని స్కాన్, పుండుతో కుంటుతున్న కూలీకి అందని స్కాన్! మనం మాట్లాడాల్సిన అన్యాయం ఇదే.

సంఘం ఏం చేయగలదు? స్కానింగ్ యంత్రాన్ని చర్చికి తెచ్చుకోలేం. గర్భంలోని ఆడపిల్లల్ని కాపాడటానికి చేసిన 1994 చట్టం ప్రకారం ఆ యంత్రాలను నమోదు లేని చోట వాడకూడదు. ఆ కట్టడి మంచిదే. కానీ బీపీ, షుగర్ చూడటానికి, పాదాలు పరిశీలించటానికి ఏ అడ్డూ లేదు. అనుమానం ఉన్నవారిని ప్రభుత్వ ఆసుపత్రికి పంపవచ్చు.

యువతకు ఒక మాట. షోలాపూర్‌లో, కోలారులో, చెన్నైలో, బరంపురంలో, యానాంలో మన పెద్దలు చాలామంది ఆసుపత్రి చీటీ చదవలేక వెనక్కి తిరిగొస్తారు. మీకు ఇంగ్లీషు వచ్చు, స్థానిక భాష వచ్చు. ఒక పూట వాళ్ల వెంట వెళ్లండి. వరుసలో నిలబడండి. డాక్టరు చెప్పింది ఇంటి తెలుగులో విప్పి చెప్పండి.

యేసు తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. ఈ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికొచ్చాక మీ అమ్మమ్మ, తాతయ్యల చెప్పులు విప్పించి పాదాలు చూడండి. మానని పుండు ఉందా? ఒక పాదం చల్లబడిందా? రంగు మారిందా? ఉంటే ప్రార్థించండి, సోమవారం ఉదయమే ఆసుపత్రికి బయలుదేరండి.