కుండపెంకు నేర్పే చదువు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్ మేజర్‌గా తీసుకున్న విద్యార్థి, దానితోపాటే ప్రాచీన గ్రీకు, రోమన్ నాగరికతను మైనర్‌గా చదువుకోవచ్చు. చాలాచోట్ల ఐదారు కోర్సులు పూర్తిచేస్తే చాలు. గ్రీకు, లాటిన్ రానివారు అనువాదాల్లోనే చదువుకునే వీలు కూడా ఉంటుంది. అక్కడ చదివే మన పిల్లలు ఆ మాట ఎత్తితే, ‘దాంతో ఉద్యోగం వస్తుందా?’ అని ఇంట్లో అడుగుతారు. పిల్లల బతుకుతెరువు గురించి పెద్దలకు ఉండే బెంగ అది, కాదనలేం. కానీ ఆ తరగతిలో ఏం నేర్పుతారో కూడా వాళ్లకు తెలియాలి.

క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో ఒక పద్ధతి ఉండేది. మితిమీరి బలపడుతున్నాడని తోచిన నాయకుడి పేరును పౌరులు కుండపెంకు మీద గీకి వేసేవారు. కనీసం 6,000 పెంకులు పడితే, ఎక్కువమంది పేరు రాసిన మనిషి పదేళ్లపాటు నగరం విడిచి పోవాలి. ఆస్తి మాత్రం అతనికే ఉండేది. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్ నౌకాదళాన్ని ఓడించిన థెమిస్టోక్లిస్‌ని సైతం ఆ నగరం అలాగే వెళ్లగొట్టింది. ఏథెన్స్‌లోని ఆక్రోపొలిస్ కొండ ఉత్తరపు వాలులోని ఒక పాత బావిలో అతని పేరున్న పెంకులు సుమారు 190 దొరికాయి. చేతిరాతలు పోల్చి చూస్తే, రాసినవాళ్లు ఏ పద్నాలుగు మందో! ప్రత్యర్థులు ముందుగా రాయించి, పంచడానికి సిద్ధం చేసుకున్నవని పండితుల అంచనా.

సలామిస్‌లో గెలిచిన నౌకలను లారియన్ గనుల వెండితో కట్టించింది థెమిస్టోక్లిసే. ఆ గనుల్లో వెండి తవ్వింది బానిసలు. పెంకు మీద పేరు రాసే హక్కు వాళ్లకు లేదు, స్త్రీలకూ లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడిపోయిన రోమన్ నగరం పాంపే గోడల మీద, ఫలానావారిని ఎన్నుకోండంటూ రాసిన ప్రచారాల్లో ఓటు లేని స్త్రీల పేర్లూ కనిపిస్తాయి. పురాతన గ్రంథాన్ని, పెంకును, గోడరాతను పక్కపక్కన పెట్టి, ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఎవరిని పక్కన పెట్టారు అని విచారించడమే ఈ చదువు.

నాగార్జునకొండలోనూ పెద్దబంకూరులోనూ రోమన్ నాణేలు దొరికిన నేల మనది. మన కళాశాలల మైనర్ల జాబితాలోనూ ఈ చదువుకు చోటివ్వాలి. పద్దెనిమిదేళ్లకు ఓటు హక్కు వచ్చే విద్యార్థికి, తన ముందుకొచ్చిన ప్రతి మాట వెనకా ఎవరున్నారో ఆరా తీసే అలవాటు కావాలి. ఏ ఉద్యోగంలో చేరినా ఆ అలవాటు అక్కరకొస్తుంది.