ముందు రోడ్డు, తర్వాతే ప్రశ్న

2025 మార్చి నెలాఖరున హైదరాబాదులోని కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగినప్పుడు అక్కడ ఒక్క భవనానికీ పునాది తీయలేదు. ఐటీ పార్కుల కోసం అనుకున్న 400 ఎకరాలను చదును చేసే పని అది. నేల చదునైతే రోడ్లు గీయొచ్చు, రోడ్ల వెంట నీళ్ల గొట్టాలు, కరెంటు కేబుళ్లు వేయొచ్చు, ఆ తర్వాత ప్లాట్లు వేలం వేయొచ్చు. పక్కనే ఉన్న యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపమంది. అప్పటికే సుమారు వంద ఎకరాల పచ్చదనం పోయింది. జస్టిస్ గవాయ్, జస్టిస్ మసీహ్‌ల ధర్మాసనం ఆ రోజు రాష్ట్రాన్ని అడిగిన ప్రశ్నల్లో ఒకటి నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. ఈ పనికి పర్యావరణ ప్రభావ మదింపు జరిగిందా?

ఆ ప్రశ్న చాలా చోట్ల ఎవరూ అడగరు. అడిగే వేళకు రోడ్డు పడిపోయి ఉంటుంది.

చట్టమే అలా ఉంది. ఈ మదింపుకు ఆధారం 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్. దాని ప్రకారం 20,000 చదరపు మీటర్లకు తగ్గని నిర్మాణానికి అనుమతి కావాలి, 50 హెక్టార్లు దాటిన టౌన్‌షిప్పుకూ కావాలి. కానీ అనుమతి అవసరమైన పరిశ్రమలేవీ లేని ఇండస్ట్రియల్ ఎస్టేటు 500 హెక్టార్లలోపు ఉంటే అక్కర్లేదు. అంటే సుమారు 1,235 ఎకరాలు. రోడ్ల పద్దులో జాతీయ, రాష్ట్ర రహదారులే ఉన్నాయి. నగరంలో కొత్తగా లాగే లింకు రోడ్డు, దాని కింద పోయే డ్రైనేజీ గొట్టం ఆ పద్దులో లేవు. పైగా భవనాలకు, టౌన్‌షిప్పులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు. కాబట్టి ఒక్కో టవరు విడివిడిగా అనుమతికి వస్తుంది. ఆ టవరును అక్కడికి రప్పించిన రోడ్డు గురించి మాత్రం ఏ కమిటీ ముందూ చర్చ జరగదు.

అసలు నష్టం ఎక్కువగా ఆ రోడ్డుతోనే మొదలవుతుందని నా నమ్మకం. ఎందుకో మన నేలను చూస్తే తెలుస్తుంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట గుట్టలది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. బండ నేలలో నీళ్లు నిలవవని చాలామంది అనుకుంటారు. కానీ బండల సందుల్లో పేరుకున్న మట్టి, దాని కింద మొరం, ఇంకా కింద పగుళ్లు బారిన రాయి వాన నీటిని పట్టుకుని నెమ్మదిగా కుంటలోకీ బావిలోకీ వదులుతాయి. ఈ పొరల మందం తక్కువ. ముప్పై మీటర్ల వెడల్పు రోడ్డు వేయాలంటే ఎత్తును కోయాలి, పల్లాన్ని పూడ్చాలి. కోసిన చోట ఆ పొరలు పోతాయి. పూడ్చిన చోట వాగుకు అడ్డుకట్ట పడుతుంది. కల్వర్టు పెడతారు, నిజమే. వానలో వెడల్పుగా పరుచుకుని పారే వాగు అంత చిన్న సందులోంచి దూరాలంటే వేగం పెరుగుతుంది, దిగువన గట్లు కోసుకుపోతాయి.

లెక్క వేసి చూడండి. ఒక కిలోమీటరు పొడవున అలాంటి రోడ్డు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 15 లక్షల లీటర్లు. చెట్టూ గడ్డీ ఉన్న నేల అందులో చాలా భాగాన్ని తాగేస్తుంది. తారు రోడ్డు దాదాపు అంతా కిందికి తోసేస్తుంది, నూనె మరకలతో, టైర్ల పొడితో సహా. ఆ నీళ్లన్నీ ఎవరి బస్తీలోకి పోతాయో గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల్లో భారీ వాన పడిన ఏ సాయంత్రమైనా చెబుతుంది.

గొట్టాల సంగతి దీనికన్నా తక్కువగా మాట్లాడుకుంటాం. నేను దాని దగ్గరే ఆగాలనుకుంటున్నాను. మురుగు గొట్టం వాలు మీద పారాలి కాబట్టి లోతుగా ట్రెంచి తవ్వాలి. బండ తగిలితే పేల్చాలి. గొట్టం చుట్టూ ఇసుక, కంకర పోస్తారు. దాంతో ఆ ట్రెంచి భూమిలో కొత్త కాలువలా పనిచేస్తుంది. చుట్టుపక్కల పైపొరల్లో ఊరే నీరు గొట్టం బయట ఇసుకలోకి చేరి, వాలు వెంట ఎటో వెళ్లిపోతుంది. ఎగువ బావి ఎండుతుంది, కుంటకు ఎండాకాలం ఊట తగ్గుతుంది. గొట్టం అతుకు దగ్గర మురుగు కారితే అదీ ఇదే దారి పడుతుంది. ట్రెంచిలో అక్కడక్కడా బంకమట్టి కట్టలు వేస్తే ఈ పారుదలను చాలా వరకు ఆపవచ్చు. అదేమీ పెద్ద ఖర్చు కాదు, టెండరు కాగితంలో రాసి, పని జరిగేటప్పుడు దగ్గరుండి చూడాలంతే.

గొట్టం వ్యాసం ఇంకో నిర్ణయం. హైదరాబాదులో ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే స్థలంతో పోలిస్తే ఎంత కట్టొచ్చన్న నిష్పత్తికి, పరిమితి లేదు. ఎకరంలో ఎన్ని అంతస్తులు లేస్తాయో ముందు తెలియని చోట ఎంతమందికి సరిపడా గొట్టం వేయాలి? చిన్నది వేస్తే మిగతా మురుగు నాలాలోకి పోతుంది. పెద్దది వేస్తే దాన్ని నింపడానికి పక్క గుట్టలు కూడా ప్లాట్లవుతాయి. చివరికి ఆ గొట్టంలోకి మురుగుగా చేరే మంచినీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, కృష్ణా గోదావరుల నుంచి, కరెంటు ఖర్చుపెట్టి పైకి తోడి తెచ్చినవి. పార్కు పర్యావరణ నివేదికలో ఆ కరెంటు కూడా లెక్కకు రావాలి.

కోకాపేట నియోపోలిస్ లేఅవుటులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెడల్పాటి రోడ్లు వేసింది, భూగర్భంలో సౌకర్యాలు కల్పించింది, ఔటర్ రింగు రోడ్డుకు ట్రంపెట్ ఇంటర్‌ఛేంజీ కట్టింది. 2023 ఆగస్టు వేలంలో ఎకరం ధర 100.75 కోట్ల దాకా వెళ్లింది. ఆ ధర పలికాక నీటి దారి గురించి ఏ అధికారి మాట్లాడగలడు? ఆ లేఅవుటుకు దగ్గర్లోనే గండిపేట. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ అది, 1920లో పూర్తయింది. దాన్నీ హిమాయత్‌సాగర్‌నూ కాపాడటానికే 1996లో జీవో 111 వచ్చింది. 84 గ్రామాల పరీవాహకంలో నిర్మాణాలకు కట్టుబాట్లు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది. చెరువులోకి నీళ్లు తెచ్చేది ఆ పరీవాహకమే. దాని మీద రోడ్లల్లుకుపోతే చెరువుకు వచ్చే నీళ్లూ మారతాయి, వాటి శుభ్రతా మారుతుంది.

ఉద్యోగాలు వద్దా అని అడుగుతారు. కావాలి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక ఎన్నో తెలుగు కుటుంబాల బతుకు మారింది, దాన్ని తక్కువ చేయడం అన్యాయం. అదే పాతికేళ్లలో పక్కనే ఉన్న దుర్గం చెరువు మురుగుతో, గుర్రపుడెక్కతో నిండిపోవడమూ చూశాం. ఆఫీసు కట్టినందువల్లే అలా కావాలని ఎక్కడా లేదు. మంచినీటి లైను కన్నా ముందు మురుగు శుద్ధి కేంద్రం పనిచేయాలన్న ఒక్క షరతు ఉంటే చాలా మారేది.

ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఫ్యూచర్ సిటీ అనే కొత్త నగరం కోసం రావిర్యాల నుంచి ఆమనగల్ దాకా 41.5 కిలోమీటర్ల రేడియల్ రోడ్డు తలపెట్టారు. దాని వెంట గొట్టాలూ సబ్‌స్టేషన్లూ వస్తాయి. దారిలో దాటే ప్రతి వాగు, ప్రతి కుంట, వాటి ఎఫ్‌టీఎల్ (నీళ్లు పూర్తిగా నిండే మట్టం) హద్దులు ఒకే పటం మీద గీసి, తెలుగులో, ఆయా పంచాయతీ ఆఫీసుల గోడలకు అంటించాలి. ఏ కల్వర్టు ఎంత వెడల్పో, మురుగు ఏ కేంద్రానికి పోతుందో, ఆ కేంద్రం ఎప్పటికి సిద్ధమవుతుందో అందులోనే రాయాలి. గ్రామసభ పెట్టి, వాగు ఎటు పొంగుతుందో తెలిసిన రైతుల మాట విని, అవసరమైన చోట రోడ్డును పక్కకు జరపాలి. ట్రంక్ లైనుకు టెండరు పిలిచే లోపు ఈ పని ముగియాలి. పిలిచాక జరిగే సభకు వచ్చే రైతుకు చెప్పడానికి మిగిలేది పరిహారం ధర ఒక్కటే.