కట్ట ఎత్తు కొలిచిండ్రు, కట్ట కింది బతుకులు కొలిచేదెవరు?

బొగ్గు తవ్వేది మన గడ్డ. మండించేది మన గడ్డ మీదనే. మిగిలిన బూడిద పోసేది కూడా మన ఊళ్ల పక్కనే. 1978లో రామగుండంలో ఎన్టీపీసీకి పునాదిరాయి పడ్డది. ఇయ్యాల కుందనపల్లి దిక్కు పోతే బూడిద చెరువు, దానికో కట్ట. ఇటు ఓపెన్‌కాస్టుల్లోకి వరద రాకుండా ఇంకొన్ని కట్టలు. వీటిలో ఏది తెగితే ఏ ఊరు మునుగుతది? ఎంతసేపట్లో? కట్ట కింద బతికేటోళ్లకు ఈ జవాబు తెలియాలె. అదే మేము అడుగుతున్నం.

2021లో ఢిల్లీ సర్కారు డ్యాం భద్రతా చట్టం తెచ్చింది. ప్రమాదాన్ని బట్టి డ్యాంలను వర్గీకరించాలన్నది. మంచిదే. కానీ ఆ చట్టం లెక్కలో డ్యాం అంటే నదికో ఉపనదికో అడ్డంగా కట్టినది. ఎత్తు 15 మీటర్లు దాటాలె. 10 నుంచి 15 మీటర్ల నడుమ ఉంటే 500 మీటర్ల పొడవో, 10 లక్షల ఘనపు మీటర్ల నిల్వో, అసొంటిదేదో ఒక షరతుకు సరిపోవాలె. 9 మీటర్ల మట్టికట్ట కింద వంద ఇండ్లున్నా ఈ చట్టానికి కనపడవు. నేల మీద కట్టిన బూడిద చెరువూ కనపడదు.

అసలు ప్రమాద వర్గీకరణ అంటే ఏంది? కట్ట గట్టిదా కాదా అన్నది కాదు. తెగితే ఎంతమంది పాణాలు పోతయి అన్నది. తట్టెడు మన్ను కదలకున్నా సరే, కట్ట కింద కొత్తగా ఒక కాలనీ లేస్తే ఆ కట్ట ప్రమాద స్థాయి పెరిగినట్టే. లెక్కపెట్టాల్సింది మీటర్లను కాదు, మనుషులను.

అమెరికాలో బఫెలో క్రీక్ కూడా బొగ్గు లోయనే. ఒక ప్రైవేటు బొగ్గు కంపెనీ బొగ్గు చెత్తతో కట్ట పోసి మురికినీళ్లు ఆపింది. తనిఖీ అధికారి వచ్చి బాగానే ఉన్నదన్నడు. నాలుగు రోజులకే, 1972 ఫిబ్రవరి 26 పొద్దుగాల, కట్ట తెగింది. 125 మంది చచ్చిపోయిండ్రు. అది దేవుడి పని అన్నది కంపెనీ! మన దేశంలోనే, సింగ్రౌలి బొగ్గు బెల్టులో, 2020 ఏప్రిల్ 10న ఒక ప్రైవేటు విద్యుత్ కేంద్రం బూడిద కట్ట తెగి ఆరుగురు బలైండ్రు.

రామగుండం కట్ట రేపే తెగుతదని మేము అంటలేం. ఏటేటా బూడిద కట్టల భద్రతను ధ్రువీకరించాలని 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్ ఉన్నది. అయితే ఆ కాగితం ఆఫీసు బీరువాలో ఉంటే లాభమేంది? నీళ్లు ఏం చేస్తయో గోదావరిఖనికి ఒకరు చెప్పాల్నా? 2003 జూన్ 16న 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకపడితే 17 మంది కార్మికులు తిరిగి రాలేదు.

ఒకప్పుడు చెరువు కట్టకు నీరటి ఉండేటోడు. కట్ట చెమ్మగిల్లినా, తూము కారినా ఊరికి చెప్పేటోడు. ఇయ్యాల కంపెనీ కట్టకు ఊరి నీరటి ఎవరు?

2014లో రాష్ట్రం వచ్చింది. ఇగ పరాయి పాలన మీద నెపం పెట్టే వీలు లేదు. సొంత రాష్ట్రంలోనే 2024 జూలై 18న అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు మట్టికట్టకు గండి పడ్డది. అది సర్కారు కట్ట. సర్కారు కట్టకే దిక్కు లేకుంటే కంపెనీ కట్టలను ఎవరు చూడాలె?

మా డిమాండ్లు నాలుగే. బొగ్గు బెల్టులోని ప్రతి కట్టకూ, చిన్నదైనా పెద్దదైనా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, ప్రమాద వర్గం ప్రకటించాలె. కట్ట దగ్గర తెలుగులో బోర్డు పెట్టి యజమాని పేరు, తనిఖీ తేదీ రాయాలె. మునిగే ఇండ్ల పటం గ్రామసభలో పెట్టాలె. సైరన్ బిగించి ఏటా వానలకు ముందు మోగించి చూపాలె.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఈ నాలుగింటి మీద సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. శవాలు లేచినంక ఎక్స్‌గ్రేషియా ప్రకటించుడు పాలన కాదు. కట్ట తెగకముందే లెక్క చెప్పాలె.